ఆరోగ్య ఎన్జీవోలో చేరాలనుకుంటే: కమ్యూనికేషన్సా, ఫండ్‌రైజింగా?

జర్నలిజం చదివినవాళ్లు, ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్లు పనిచేసి విసిగిపోయినవాళ్లు నన్ను తరచూ ఈ ప్రశ్న అడుగుతుంటారు. ఆరోగ్యరంగంలో ఉన్న ఎన్జీవోలో చేరాలని ఉంది. డాక్టర్లం కాదు, నర్సులం కాదు. రాయడం వచ్చు, నలుగురితో మాట్లాడటం వచ్చు. కమ్యూనికేషన్స్‌లోకి వెళ్లాలా, ఫండ్‌రైజింగ్‌లోకి వెళ్లాలా?

నేను రెండూ చేశాను. ఒక తెలుగు పత్రికలో కొన్నాళ్లు సబ్‌ఎడిటర్‌గా ఉండి, తర్వాత ఏడేళ్లు కమ్యూనికేషన్స్‌లో, ఆపైన ఆరేళ్లు ఫండ్‌రైజింగ్‌లో పనిచేశాను. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. రెండింట్లోనూ కథలు చెప్పాలి, ఫొటోలు వాడాలి, ఎదుటివాళ్ల మనసు కదిలించాలి. చిన్న సంస్థలైతే రెండింటినీ కలిపి ఒకే పోస్టుగా ప్రకటన ఇస్తాయి. లోపలికి వెళ్లాకే తేడా తెలుస్తుంది. ఫండ్‌రైజింగ్‌లో ఉన్న మనిషి రోజూ "ఇప్పుడు కుదరదండీ" అనే మాట వినాలి. కమ్యూనికేషన్స్‌లో ఉన్న మనిషి సొంత ఆఫీసులో, తనకన్నా పెద్దవాళ్లకు, "ఇది కుదరదండీ" అని చెప్పాలి. వినడం మీకు చేతనవుతుందా, చెప్పడం చేతనవుతుందా అన్నది తేల్చుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ముందు కమ్యూనికేషన్స్ సంగతి

పాలమూరు వైపు ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టి, అక్కడ ఎంపికైనవాళ్లను బస్సులో ఆసుపత్రికి తీసుకొచ్చి శుక్లాల ఆపరేషన్ చేయించేవాళ్లం. మర్నాడు పొద్దున కట్టు విప్పే వేళకు ఫొటోగ్రాఫర్‌తో పాటు నేనూ వార్డులో ఉండేదాన్ని. ఒకరోజు డెబ్బై దాటిన ఒక అవ్వకు నర్సు ప్లాస్టర్ మెల్లగా తీసి, దూదితో రెప్పలు తుడిచింది. అవ్వ ఎదురుగా నిలబడ్డ కొడుకును చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. రెండు చేతులూ ముఖం దగ్గరికి తెచ్చుకుని, "గోళ్లు గింత పెరిగినయా, ఒక్కరన్నా చెప్పలే" అంది. వార్డంతా నవ్వింది. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తగానే "ఆగు బిడ్డా" అని కొంగు సర్దుకుని, వెంట్రుకలు వెనక్కి దువ్వుకుని, అప్పుడు నవ్వింది.

ఆ ఫొటో హెడ్డాఫీసుకు పంపితే సాయంత్రానికి జవాబొచ్చింది. ఆపరేషన్‌కు ముందు బాధలో ఉన్న ఫొటో ఏమైనా ఉందా, విరాళాల అప్పీలుకు అదే పనికొస్తుంది అని. అలాంటిది ఉంది. బస్సు దిగుతూ తడుముకుంటున్నప్పుడు, కొంగు జారిపోయి ఉన్నప్పుడు ఎవరో తీసింది. పంపనన్నాను. ఈ నవ్వే ఫొటో అవ్వ తనంతట తాను సర్దుకుని మనకిచ్చింది, ఆ ఫొటో ఆమెకు తెలియకుండా మనం తీసుకున్నాం అన్నాను. మూడు రోజులు ఈమెయిళ్లు నడిచాయి. చివరికి నవ్విన ఫొటోనే వెళ్లింది. ఆ నెల రావలసిన డబ్బు వచ్చింది. రాకపోయి ఉంటే ఆ తప్పంతా నా మెడకే చుట్టుకునేది.

ఈ ఉద్యోగంలో రాతపని అందరూ ఊహించేదే. వార్షిక నివేదిక, ప్రెస్ నోట్, సోషల్ మీడియా పోస్టులు, డాక్టర్లు రాసిన స్లయిడ్లను మామూలు మనుషులకు అర్థమయ్యేలా తిరగరాయడం, దాతలు వచ్చినప్పుడు ఊళ్లు చూపించడం. ఇవన్నీ ఏడాదిలో నేర్చుకోవచ్చు. ఏ ఫొటో వాడకూడదో, ఏ పేరు మార్చాలో, ఏ కథ అసలు బయటికే రాకూడదో తేల్చడం మాత్రం ఏళ్లు గడిచినా తేలిక కాదు. ఆరోగ్యంలో అది మరీ సున్నితం. హెచ్ఐవీ ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. టీబీకి అలాంటి ప్రత్యేక చట్టం లేకపోయినా, క్షయ ఉందని ఊళ్లో తెలిస్తే ఆడపిల్లకు పెళ్లి సంబంధాలు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను.

కన్సెంట్ ఫారం ఇంగ్లిష్‌లో ఉంటే, దాని మీద వేలిముద్ర ఎంత స్పష్టంగా పడినా ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాదు. నేను ఫారం పక్కన పెట్టి ముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని: "ఈ ఫొటో రేపు మీ ఊరి వాట్సాప్ గ్రూపులోకి వస్తే మీకేమైనా ఇబ్బందా?" చాలామంది ఆ ప్రశ్న విన్నాకే ఆలోచించేవాళ్లు. కొందరు వద్దనేవాళ్లు. నల్గొండ ఫ్లోరైడ్ గ్రామాల్లోనూ, ఉద్దానం కిడ్నీ బాధితుల ఇళ్లలోనూ కెమెరాలు వచ్చి వెళ్లడం కొత్త కాదు. "ఇదివరకు వచ్చినవాళ్లు కూడా ఇలాగే తీసుకుపోయారమ్మా, ఏమైంది?" అని మంచం మీద కూర్చున్న మనిషి అడిగితే జవాబు చెప్పాల్సింది కమ్యూనికేషన్స్‌లో పనిచేసే మీరే. ఆ ప్రశ్న విని కుంగిపోయేవాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం ఉండలేరు, విని కూడా ఏమీ అనిపించనివాళ్లు ఈ పనిలోకి రాకపోతేనే మంచిది.

కమ్యూనికేషన్స్‌లోనే ఇంకో దారి ఉంది. దాని గురించి చాలామందికి తెలియదు. సంస్థ గురించి బయటికి చెప్పడం కాకుండా, ఆరోగ్యం గురించి జనానికి చెప్పే పని అది. పోలియో చుక్కల ప్రచారం మనందరికీ గుర్తుంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ధ్రువీకరించారు. టీవీలో అమితాబ్ మాటలు ఎంత పనిచేశాయో, ఉత్తరప్రదేశ్‌లో చుక్కలు వద్దన్న ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి తల్లులతో కూర్చుని మాట్లాడిన స్థానిక మహిళలు అంతకన్నా ఎక్కువ పనిచేశారు. ఎవరి మాట ఎవరు వింటారు, పసిబిడ్డ తల్లి టీకా వద్దనడానికి అసలు కారణం ఏమిటి అని కనిపెట్టడం ఈ శాఖలో పని. దీనికి ప్రజారోగ్య చదువు బాగా అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోనూ ప్రజారోగ్యంలో పీజీ కోర్సు, ఎంపీహెచ్ ఉంది. రాయడం ఇష్టమై, పేరు రాకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ దారే.

కమ్యూనికేషన్స్‌లో పెద్ద లోటు ఒకటుంది. మీరు చేసిన పని వల్ల ఏం జరిగిందో లెక్క చూపడం కష్టం. డబ్బు బిగుసుకున్నప్పుడు ముందు కోత పడేది మీ మీదే. 2020లో విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని సవరించి, విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. కమ్యూనికేషన్స్ జీతాలు చాలాచోట్ల ఆ పద్దులోకే వస్తాయి. అందుకే ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరు చేసే ఆఫీసులు ఎక్కువ. కెమెరా, డిజైను, రాత, వెబ్‌సైటు అన్నీ మీరే చూసుకోవాల్సి వస్తుంది. చేరేముందే ఇది తెలిసి ఉండాలి.

ఫండ్‌రైజింగ్‌లో రోజు ఎలా గడుస్తుంది

ఫండ్‌రైజింగ్ అనగానే మాల్ దగ్గర ట్యాబ్ పట్టుకుని "ఒక్క నిమిషం సర్" అని ఆపే కుర్రాళ్లు గుర్తొస్తారు. అది ఒక శాఖ మాత్రమే. దాన్ని రీటెయిల్ అంటారు. దారినపోయేవాళ్లతోనో, ఫోన్‌లోనో మాట్లాడి నెలనెలా ఖాతా నుంచి కొంత మొత్తం ఆటో డెబిట్ అయ్యేలా ఒప్పించడం. రోజుకింత అని టార్గెట్ ఉంటుంది, ఎండలో నిలబడాలి, చాలామంది ఆరు నెలల్లో మానేస్తారు. అయితే ఏడాది నిలబడినవాళ్లు మనుషుల్ని చదవడం నేర్చుకుంటారు. ఆ అనుభవాన్ని తక్కువగా చూడకండి. ఒక్క జాగ్రత్త. వచ్చిన విరాళంలో ఇంత శాతం నీకు అని ఏ సంస్థ అన్నా అక్కడ చేరవద్దు. జీతం తీసుకోండి, బాగా పనిచేస్తే ఇంక్రిమెంట్ అడగండి. శాతం లెక్కన పనిచేస్తే దాత ముందు మీ మాట మారిపోతుంది. అమెరికాలోని ఫండ్‌రైజర్ల వృత్తి సంఘం కూడా తన నియమావళిలో దీన్ని వద్దనే అంది.

రెండో శాఖ గ్రాంట్లు. పెద్ద ఫౌండేషన్లకూ, అంతర్జాతీయ సంస్థలకూ ప్రపోజల్ రాయడం, వచ్చాక లెక్క చూపడం. ఇది కూర్చుని చేసే పని, చదువుకునే పని. నలభై పేజీల ఇంగ్లిష్, దానికి బడ్జెట్ షీటు, మధ్యలో ఫీల్డ్ నుంచి రాని అంకెల కోసం పది ఫోన్లు. బాగా మాట్లాడేవాళ్లకన్నా ఓపికగా లెక్క సరిచూసేవాళ్లు ఇందులో రాణిస్తారు.

మూడోది సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. మన దగ్గర ఎక్కువ ఉద్యోగాలు ఇప్పుడు ఇక్కడే ఉన్నాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చుపెట్టాలి. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలూ ఐటీ కంపెనీలూ ఇన్ని ఉన్నాయి కదా, డబ్బుకేం కొదవ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక కంపెనీ సీఎస్ఆర్ హెడ్ దగ్గరికి మొదటిసారి వెళ్లాను. అవ్వ గోళ్ల కథ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "చాలా బాగుందమ్మా. ఒక్కో ఆపరేషన్‌కు ఎంతవుతుంది? అందులో మందులకెంత, రవాణాకెంత? మా ప్లాంటు చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి ఎంతమంది వస్తారు?" అని అడిగాడు. మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. ఆఫీసుకు తిరిగొచ్చి అకౌంటెంట్ పక్కన రెండు వారాలు కూర్చున్నాను. లెన్సు ధర, చుక్కల మందు, బస్సు డీజిలు, రాత్రి భోజనం, డ్రైవర్ బత్తా వరకు ఒక్కో లైను రాసుకున్నాను. ఆ కంపెనీ డబ్బు పదకొండు నెలల తర్వాత వచ్చింది. మధ్యలో మూడుసార్లు "ఈ క్వార్టర్‌లో కుదరదు" అన్నారు. మూడుసార్లూ నేను థాంక్స్ చెప్పి, మూడు నెలల తర్వాత మళ్లీ ఫోన్ చేశాను.

ఇక నాలుగోది, నాకు బాగా ఇష్టమైనది, వ్యక్తిగత దాతలు. తెలుగు నేల మీద ఈ సంప్రదాయం కొత్తదేమీ కాదు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కోటి రూపాయలూ, ఐదెకరాల స్థలమూ ఇవ్వబట్టే 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో ప్రసాద్ పేరు మీదున్న కంటి ఆసుపత్రిని మొదలుపెట్టగలిగారు. 2000లో తెరుచుకున్న బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి వెనుక అమెరికాలోని తెలుగు డాక్టర్ల చేయి ఉంది. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపే సొమ్మే పెద్ద ఆధారంగా నిలిచింది. ఆ ట్రస్టు నడిపే బత్తలపల్లి ఆసుపత్రి మెట్లెక్కే రైతుకు బార్సిలోనాలో ఎవరో ఒక టీచరు నెలకింత అని తీసిపెట్టడం తెలియకపోవచ్చు. ఆ రెండు కొసలనూ కలిపేది ఫండ్‌రైజరే.

ఇందులో తెలుగువాళ్లకు పనికొచ్చే ఒక సాంకేతిక విషయం చెప్తాను. ఇంటర్వ్యూలో చెప్తే ఎదుటివాళ్లు ఆశ్చర్యపోతారు. డల్లాస్‌లో ఉండే ఇద్దరు అన్నదమ్ములు మీ సంస్థకు డబ్బిస్తామన్నారనుకుందాం. అన్నకు గ్రీన్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు మాత్రం ఇంకా ఇండియాదే. తమ్ముడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డుంది. అన్న తన సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. తమ్ముడిది వస్తుంది. సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర ఇచ్చిన రెండు చెక్కులకు రెండు చట్టాలు వర్తిస్తాయి. ఇది తెలియక తమ్ముడి డబ్బును మామూలు ఖాతాలో వేసుకుంటే సంస్థ మెడకు ఉచ్చు బిగుసుకుంటుంది.

పెద్ద మొత్తాలు మాత్రమే గుర్తుంటాయనుకోకండి. రిటైరైన ఒక టీచరుగారు తన పెన్షన్ నుంచి నెలకు 500 రూపాయలు పంపేవారు. ప్రతి నెలా మొదటి వారం ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, చేరిందా?" అని ఒక్క మాట అడిగేవారు. చేరిందండీ అంటే "సరే, ఉంటాను" అని పెట్టేసేవారు. ఒకసారి నేను సెలవులో ఉండి ఎవరూ జవాబివ్వకపోతే, ఎండలో ఆటో ఎక్కి స్వయంగా ఆఫీసుకు వచ్చారు. డబ్బు చేరిందో లేదోనన్న అనుమానంతో అనుకున్నాను. "నువ్వు బాగానే ఉన్నావా అని చూసిపోదామని వచ్చాను" అన్నారు. ఫండ్‌రైజింగ్ అంటే అడుక్కోవడమేగా అని మా బంధువుల్లో ఒకరు పెళ్లిలో అన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. ఆయనకు తోచిన మంచి పనికి ఒక దారి కావలసి వచ్చింది, ఆ దారి సవ్యంగా ఉంచడం నా ఉద్యోగం.

దీనిలో టెన్షన్ కూడా చెప్పాలి. ఏడాది పొడవునా తలమీద ఒక అంకె ఉంటుంది. మార్చి నెల నిద్ర పట్టదు. 31వ తేదీ సాయంత్రం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందా అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్న రోజులు నాకున్నాయి. జూలైలో ఐటీ రిటర్నుల వేళ, రసీదులో పాన్ నంబరు ఒక్క అక్షరం తప్పు పడిన దాత ఫోన్ చేస్తే, తప్పు ఎవరిదైనా క్షమాపణ మీరే చెప్పాలి. 2000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పకపోతే, ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారు.

ఒకదానికొకటి ఎంత ఆసరా

రెండు విభాగాలూ ఎప్పుడూ పోట్లాడుకుంటూ ఉంటాయని నేను పైన చెప్పిన ఫొటో గొడవ చూసి అనిపించవచ్చు. నిజానికి ఒకటి బాగుంటేనే రెండోది నోరు తెరవగలదు. ఎంఎస్ఎఫ్ అని పిలిచే సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థను చూడండి. 1971లో పారిస్‌లో పుట్టింది. దాని నిధుల్లో 95 శాతానికి పైగా ప్రైవేటు దాతల నుంచి, ముఖ్యంగా లక్షలాది మామూలు మనుషుల నుంచి వస్తాయి. 2016లో శరణార్థుల విషయంలో యూరోపియన్ యూనియన్ విధానాన్ని నిరసిస్తూ, ఆ యూనియన్ నిధులూ, దాని సభ్య దేశాల నిధులూ ఇక తీసుకోమని ప్రకటించింది. ఆ ప్రకటన రాసింది కమ్యూనికేషన్స్ వాళ్లే అయినా, రాయగలిగే స్వేచ్ఛ ఏళ్ల తరబడి చిన్న చిన్న దాతలను కూడబెట్టిన ఫండ్‌రైజర్లు ఇచ్చింది.

దీనికి రివర్స్‌గా, ప్రచారమే డబ్బు తెచ్చిన ఉదాహరణ కూడా ఉంది. 2014 వేసవిలో, తలమీద ఐసు నీళ్లు గుమ్మరించుకుని వీడియో పెట్టే ఐస్ బకెట్ ఛాలెంజ్ ప్రపంచమంతా తిరిగింది. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికా సంస్థకు 115 మిలియన్ డాలర్లు వచ్చాయి. మన హైదరాబాద్‌లో ఒక జర్నలిస్టు దాన్ని రైస్ బకెట్ ఛాలెంజ్‌గా మార్చి, బకెట్ బియ్యం ఎవరికైనా ఇవ్వమన్నారు, అదీ బాగా పాకింది. ఏఎల్ఎస్‌కు వచ్చిన డబ్బు పరిశోధనకు వెళ్లి, 2016లో ఆ జబ్బుతో సంబంధమున్న ఒక జన్యువును గుర్తించడానికి తోడ్పడింది. మరుసటి ఏడు మళ్లీ పిలుపిస్తే మాత్రం ఆ ఊపు రాలేదు. "మనం కూడా ఒక వైరల్ వీడియో చేద్దాం" అని మీ డైరెక్టర్ అన్నప్పుడు ఈ రెండో ఏడాది గుర్తుచేయండి.

2025 తర్వాత పరిస్థితి

ఇప్పుడు చేరేవాళ్లు ఈ సంగతి పక్కన పెట్టడానికి లేదు. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసింది. మార్చికల్లా ఆ సాయం పంచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దయ్యాయని ప్రకటించారు. జూలై 1తో ఆ సంస్థే ముగిసిపోయింది. ఆ దెబ్బ హైదరాబాద్ నారాయణగూడ దాకా వచ్చింది. 2021లో అక్కడ ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది. అమెరికా ఎయిడ్స్ నిధులతో నడిచిన ఆ క్లినిక్, కళ్యాణ్, పుణె శాఖలతో పాటు 2025 మొదట్లో మూతపడింది. హార్మోన్ల చికిత్సకో, హెచ్ఐవీ పరీక్షకో అక్కడికి భయం లేకుండా వెళ్లినవాళ్లకు తలుపు తాళం కనిపించింది. కొన్ని నెలల తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో హైదరాబాద్ క్లినిక్ సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఒకే దాత మీద ఆధారపడితే ఏమవుతుందో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

పైస్థాయిలోనూ అంతే. ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పనిచేసే గ్లోబల్ ఫండ్‌కు 2022లో దాదాపు 15.7 బిలియన్ డాలర్ల హామీలు వస్తే, 2025 నవంబరులో జోహన్నెస్‌బర్గ్ సదస్సులో 11.34 బిలియన్ల హామీలే వచ్చాయి. గేట్స్ ఫౌండేషన్ 20 ఏళ్లలో 200 బిలియన్ డాలర్లు ఖర్చుపెట్టి 2045 చివరికి మూసేస్తామని ప్రకటించింది. ప్రభుత్వాల డబ్బు తగ్గుతోంది, ఫౌండేషన్ల డబ్బుకు పోటీ పెరుగుతోంది. కంపెనీల నుంచి, మామూలు కుటుంబాల నుంచి డబ్బు రాబట్టగలిగే మనుషుల కోసం సంస్థలు వెతుకుతున్నాయి. ఉద్యోగ భద్రతే మీకు ముఖ్యమైతే ఈ పూట ఫండ్‌రైజింగ్ వైపే తక్కెడ మొగ్గుతుంది. జీతాలు కూడా, ఒకే అనుభవానికి, అటువైపే కాస్త ఎక్కువగా ఉండటం నేను చూశాను. డైరెక్టర్ కుర్చీ దాకా వెళ్లేవాళ్లలోనూ డబ్బు తేవడం తెలిసినవాళ్లే ఎక్కువ.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లకు ఒక మాట. గ్రాంట్లలో ఇంగ్లిష్ రాత తప్పదు. కమ్యూనికేషన్స్‌లో అంతకన్నా అరుదైన నేర్పు ఇంకోటి ఉంది. ఆదిలాబాద్ ఏజెన్సీలోనో, ఇచ్ఛాపురం వైపో ఒక ఆశమ్మ చెప్పింది ఆమె మాటలోనే విని, ఆ మాట చెడకుండా తెలుగులో రాసి, ఆపైన ఇంగ్లిష్‌లోకి తేవడం. ఢిల్లీలో ఎంత పెద్ద డిగ్రీ చేసినా అది రాదు. తెలుగు మీడియంలో చదివానని దాచుకోకండి, రెజ్యూమెలో పైనే రాయండి.

ఎవరికి ఏది చెప్తాను

మెడికల్ రిప్రజెంటేటివ్‌గానో, బ్యాంకు సేల్స్‌లోనో పనిచేసి వచ్చినవాళ్లను నేను ఆలోచించకుండా ఫండ్‌రైజింగ్‌కు పంపుతాను. డాక్టర్ గది బయట రెండు గంటలు నిలబడి, రెండు నిమిషాలు మాట్లాడి, నవ్వుతూ బయటికి వచ్చినవాళ్లకు "కుదరదు" అనే మాట కొత్తేమీ కాదు. లెక్కలంటే ఇష్టమున్న అంతర్ముఖులకు గ్రాంట్లు. పత్రికల నుంచి వచ్చినవాళ్లు కమ్యూనికేషన్స్‌కు సహజంగా సరిపోతారు. కాకపోతే వాళ్లకొక హెచ్చరిక. మీ సంస్థలో ఒక శిబిరం విఫలమైతే దాన్ని పత్రికలో రాసినట్టు రాయలేరు. దాతకు పంపే రిపోర్టులో మాత్రం నిజం రాయమని పట్టుబట్టవచ్చు, పట్టుబట్టాలి. ఏదీ తేల్చుకోలేని ఇరవై రెండేళ్లవాళ్లకు నా సలహా: ఫీల్డ్‌కు దగ్గరగా ఉన్న మధ్యస్థాయి సంస్థలో రెండేళ్లు కమ్యూనికేషన్స్ చేయండి, ఆ రెండేళ్లలో దాతల రిపోర్టులు రాసే పని అడిగి మరీ తీసుకోండి. ఊళ్లు చూడకుండా ఫండ్‌రైజింగ్‌లోకి వెళ్లినవాళ్ల మాటలో మూడో నిమిషానికి పస అయిపోతుంది.

సంస్థను ఎంచుకునేటప్పుడు మీరూ ప్రశ్నలు వేయండి. మీ నిధుల్లో అతిపెద్ద దాత వాటా ఎంత? సగం దాటితే ఆలోచించుకోండి. కమ్యూనికేషన్స్ మనిషి ఎవరికి రిపోర్ట్ చేస్తారు? ఫండ్‌రైజింగ్ హెడ్‌కే అయితే మీరు తీసిన ప్రతి ఫొటోనూ తెచ్చే డబ్బుతోనే తూస్తారు. టార్గెట్ ఎవరు, దేన్నిబట్టి నిర్ణయిస్తారు? తెలుగులో కన్సెంట్ ఫారం ఉందా, ఒక కాపీ చూపిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకు వాళ్లు తడబడితే ఆ సంస్థ గురించి చాలా తెలిసిపోతుంది. ఖాళీల కోసం డెవ్‌నెట్‌జాబ్స్ ఇండియా, విదేశీ పోస్టుల కోసం డెవెక్స్, రిలీఫ్‌వెబ్ వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

దరఖాస్తు పెట్టే ముందు రెండు వారాలు తీసుకుని ఇది చేసి చూడండి. మొదటి వారం, మీ ఊరి పీహెచ్‌సీలో గర్భిణులు కూర్చోవడానికి బెంచీ లాంటి నిజమైన అవసరం ఒకటి ఎంచుకుని, మెడికల్ ఆఫీసరుతో మాట్లాడి, తెలిసిన పదిమందిని ఎదురుగా కూర్చుని డబ్బడగండి. వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఇచ్చినవాళ్లకు కొన్న బిల్లు చూపించండి. ఇవ్వనివాళ్లతో మర్నాడు మామూలుగా మాట్లాడగలిగారో లేదో గమనించుకోండి. రెండో వారం, మీ వీధి ఆశమ్మతో ఒక పూట తిరిగి, ఆమె గురించి ఒక పేజీ రాయండి. రాసింది ఎవరికీ పంపకుండా, ముందు ఆమె ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. ఏదో ఒక వాక్యం దగ్గర ఆమె ఆపి, "ఇది వద్దమ్మా, మావారు చూస్తే బాగుండదు" అంటుంది. బహుశా అదే మీకు బాగా నచ్చిన వాక్యం అయి ఉంటుంది. దాన్ని కొట్టేసి మళ్లీ చదవండి.